రోబోటిక్స్ నేర్చుకోవాలంటే వేలల్లో ఫీజు కట్టాల్సిందేనా? గగన్‌పహాడ్, శంషాబాద్ పిల్లలకు ఉన్న దారులివే

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక కరపత్రం ఇస్తారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వస్తుంది. 'రోబోటిక్స్, కోడింగ్ తరగతులు, డెమో ఉచితం' అని ఉంటుంది. డెమోలో పిల్లలు ఒక చిన్న బండిని నడిపి సంబరపడతారు. ఆ తర్వాత ఫీజు, కిట్ ధర చెబుతారు. కట్టగలిగిన వాళ్లు కడతారు. కట్టలేని వాళ్లు పిల్లల్ని ఏదో ఒకటి చెప్పి ఇంటికి తీసుకెళ్తారు.

ఆరాంఘర్ దాటి శంషాబాద్ వైపు వెళ్తుంటే, బెంగళూరు హైవే పక్కన ఉండే గగన్‌పహాడ్‌లో ఈ తేడా మరింత బాగా కనిపిస్తుంది. ఇక్కడ పరిశ్రమలు, గోదాములు, కొత్త అపార్ట్‌మెంట్లు, కార్మికుల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. కొద్ది దూరంలోనే విమానాశ్రయం. కానీ ఆ పరిశ్రమల్లో పనిచేసే వాళ్ల పిల్లల్లో చాలామందికి సెన్సర్‌ను, మోటారును చేత్తో పట్టుకుని చూసే అవకాశం ఉండదు.

నిజానికి ఇదే చదువును ప్రభుత్వ డబ్బుతో, లాభాపేక్ష లేని సంస్థల సాయంతో నేర్చుకునే దారులు ఉన్నాయి. కాకపోతే వాటి గురించి ఎవరూ మీ గేటు దగ్గరకు వచ్చి కరపత్రం ఇవ్వరు. మీరే అడగాలి. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

రోబోటిక్స్ తరగతిలో అసలు ఏం నేర్పుతారు?

రోబో అనగానే మనిషిలా నడిచే యంత్రం గుర్తొస్తుంది. పిల్లల తరగతిలో నేర్పేది అంతకంటే సులువుగా ఉంటుంది. అందులో మూడు భాగాలు ఉంటాయి.

మొదటిది సెన్సర్. వెలుగు, దూరం, తేమ, వేడి లాంటివి గుర్తిస్తుంది. రెండోది కంట్రోలర్. సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని బట్టి ఏం చేయాలో నిర్ణయించే చిన్న బోర్డు ఇది. మూడోది ఆ నిర్ణయాన్ని అమలు చేసే మోటారు, లైటు లేదా బజర్.

పూల కుండీలో మట్టి ఎండిపోతే దానంతటదే నీళ్లు పోసే ఏర్పాటు కూడా ఈ లెక్కన రోబోటిక్సే. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే అలారం కూడా అంతే.

ఆర్డుయినో అనే కంట్రోలర్ బోర్డు 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టింది. దాని డిజైన్‌ను అందరికీ అందుబాటులో ఉంచడంతో ఎన్నో కంపెనీలు అలాంటి బోర్డులు తయారుచేస్తున్నాయి. అందుకే అవి కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. కోఠిలోని గుజరాతీ గల్లీలో సెన్సర్లు, మోటార్లు, వైర్లు విడిగా కొనుక్కోవచ్చు.

బోర్డు కొనకుండా కూడా మొదలుపెట్టవచ్చు. టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో సర్క్యూట్‌ను తెరపైనే కలిపి, ప్రోగ్రామ్ రాసి, పనిచేస్తుందో లేదో చూడవచ్చు. చిన్న పిల్లలకైతే 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన స్క్రాచ్ ఉంది. రెండూ ఉచితమే.

అంటే ఖర్చంతా పరికరాలదే అనుకోనక్కర్లేదు. పిల్లలకు ముఖ్యంగా కావాల్సింది పక్కన కూర్చుని చెప్పే మనిషి, పాడుచేసినా తిట్టని చోటు. కింద చెప్పే పథకాలు, సంఘాలు ఈ రెండింటి కోసమే ఉన్నాయి.

మీ పిల్లల బడిలో అటల్ ల్యాబ్ ఉందా?

ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటు చేస్తోంది. వీటినే ఏటీఎల్ అంటారు. దేశవ్యాప్తంగా ఇప్పటికి 10 వేల ల్యాబ్‌లు వచ్చాయి. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు ఏర్పాటు చేస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

ఎంపికైన బడికి రూ.20 లక్షల వరకు గ్రాంటు వస్తుంది. అందులో రూ.10 లక్షలు ల్యాబ్ ఏర్పాటుకు, మిగతా రూ.10 లక్షలు అయిదేళ్ల నిర్వహణకు. త్రీడీ ప్రింటర్, కంట్రోలర్ బోర్డులు, సెన్సర్లు, చేతి పనిముట్లు ఇందులో భాగం. 6 నుంచి 12వ తరగతి విద్యార్థుల కోసం ఉద్దేశించిన పథకం ఇది. ప్రభుత్వ బడులతో పాటు ప్రైవేటు బడులకు కూడా ఈ ల్యాబ్‌లు ఇచ్చారు.

ఇక్కడే ఒక విషయం గమనించండి. మీరు ఫీజు కడుతున్న ప్రైవేటు బడిలో ఏటీఎల్ ఉంటే, అది ప్రజల డబ్బుతో వచ్చిన ల్యాబ్. 'రోబోటిక్స్ ఫీజు' అని విడిగా అడిగితే, అది దేనికో వివరంగా చెప్పమనే హక్కు మీకుంది.

ఏటీఎల్ ఉన్న బడుల పేర్లు అటల్ ఇన్నోవేషన్ మిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ బడి పేరు అక్కడ కనిపిస్తే ప్రధానోపాధ్యాయుడిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

- ల్యాబ్ ఇన్‌చార్జి టీచర్ ఎవరు?
- వారానికి ఎన్ని పీరియడ్లు, ఏయే తరగతులకు ఇస్తున్నారు?
- బయటి నుంచి వచ్చే మెంటార్ ఎవరైనా ఉన్నారా?
- ఈ ఏడాది పిల్లలు చేసిన ప్రాజెక్టులు చూడవచ్చా?

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబుతో మిగతావన్నీ తేలిపోతాయి. ల్యాబ్ నడుస్తుంటే సగం కట్టిన బండ్లు, అతుకులు వేసిన వైర్లు బల్లల మీదే కనిపిస్తాయి. అన్నీ డబ్బాల్లో కొత్తగా మెరుస్తుంటే పిల్లలు వాటిని ముట్టుకోలేదని అర్థం.

ల్యాబ్‌కు తాళమే ఉంటే?

ప్రభుత్వ బడి అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో ఈ విషయం ఎత్తండి. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఈ కమిటీలను ఏర్పాటు చేసింది. మహిళా సంఘం నాయకురాలు అధ్యక్షురాలిగా, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్‌గా ఉంటారు. చాలాసార్లు సమస్య నేర్పే టీచర్ బదిలీ కావడమో, ఒక మోటారు పాడవడమో అయి ఉంటుంది. ముందు కారణం తెలుసుకోండి.

మాటలతో తేలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రూ.10 ఫీజుతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవారికి ఆ ఫీజు కూడా లేదు. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ల్యాబ్ ఎన్ని రోజులు తెరిచారు అని అడగవచ్చు.

మీరు ఇంజినీరో, ఐటీ ఉద్యోగో, మెకానిక్కో అయితే ఇంకో దారి ఉంది. అటల్ మిషన్ 'మెంటార్ ఆఫ్ చేంజ్' పేరుతో స్వచ్ఛందంగా బోధించే వారిని తీసుకుంటుంది. జీతం ఉండదు. వారానికి ఒకటి రెండు గంటలు ఇవ్వగలిగితే చాలు.

ఐడియా ఉంటే రూ.10 వేలు: ఇన్‌స్పైర్ మానక్

బడిలో ల్యాబ్ లేకపోయినా ఈ పథకానికి అడ్డు లేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి దీన్ని నడుపుతున్నాయి. మొదట 6 నుంచి 10వ తరగతి వరకే ఉండేది. తర్వాత ఇంటర్ విద్యార్థులకు కూడా వర్తింపజేశారు.

రోజువారీ సమస్యకు పిల్లలు సొంతంగా ఆలోచించిన పరిష్కారం ఇందులో కావాలి. ఒక బడి నుంచి ఏటా అయిదు ఐడియాల వరకు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి రూ.10 వేలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు ఉంటాయి. ప్రైవేటు బడుల పిల్లలకు కూడా అర్హత ఉంది.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. దరఖాస్తు పంపాల్సింది బడి, మీరు కాదు. కాబట్టి జూన్, జులైలోనే సైన్స్ టీచర్‌ను కలవండి. గడువు ఏ నెలలో ముగుస్తుందో ఆయన దగ్గరే తెలుస్తుంది. అలాగే పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా లేకపోతే ముందే తెరిపించండి. పేరు అక్షరాలు ఆధార్‌లో, బడి రికార్డుల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఐడియా కోసం యూట్యూబ్ వెతకనక్కర్లేదు. వాన పడితే కాలనీలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, హైవే దాటడానికి బడి పిల్లలు ఎంత ఇబ్బంది పడుతున్నారు, ట్యాంకర్ నీళ్లు ఎంత వృథా అవుతున్నాయి... గగన్‌పహాడ్‌లో చుట్టూ చూస్తే చాలు.

రాష్ట్ర ప్రభుత్వం వైపు నుంచి ఏమున్నాయి?

తెలంగాణ 2023 మే 9న రోబోటిక్స్ ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసింది. వ్యవసాయం, ఆరోగ్యం, పరిశ్రమల ఆటోమేషన్, వినియోగదారుల రోబోలు అనే నాలుగు రంగాలపై దృష్టి పెట్టింది. ఇది ప్రధానంగా కంపెనీలు, పరిశోధనకు సంబంధించిన విధానం. అయినా మీ పిల్లలకు రేపు ఉద్యోగాలు ఏ దిక్కున రావచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే ఏడాది మార్చి 2న రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. 78 వేల చదరపు అడుగుల ఈ కేంద్రంలో ఒక వస్తువు నమూనా తయారుచేయడానికి కావాల్సిన యంత్రాలన్నీ ఒకే చోట ఉంటాయి. స్టార్టప్‌ల కోసం కట్టిన చోటైనా, బడి తరఫున ముందే సంప్రదించి సందర్శనకు వీలుంటుందేమో అడగండి. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి వైపు వెళ్లాలి. నగరంలోంచి వచ్చేవాళ్లకు రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర.

రంగారెడ్డి జిల్లాలోనే మొయినాబాద్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీకి చెందిన కోడింగ్ అకాడమీ పాఠశాల ఉంది. బ్రిటన్‌కు చెందిన స్వచ్ఛంద సంస్థ రాస్‌బెర్రీ పై ఫౌండేషన్ అక్కడి కంప్యూటింగ్ పాఠాల రూపకల్పనలో పాలుపంచుకుంది. పేద కుటుంబాల పిల్లలు హాస్టల్‌లో ఉండి ఉచితంగా చదువుకుంటూ ప్రోగ్రామింగ్ నేర్చుకునే చోటు ఇది. గురుకుల ప్రవేశాల ప్రకటన వచ్చినప్పుడు ఈ బడి గురించి తప్పకుండా అడగండి.

పది పాసయ్యాక?

పదో తరగతి పాసై, ఇంటర్ కంటే చేతి పని వైపు మొగ్గు ఉన్నవాళ్లకు ఐటీఐల్లో కొత్త అవకాశం వచ్చింది. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ఆధునిక సీఎన్‌సీ మెషీనింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు ఇందులో ఉన్నాయి.

ఫ్యాక్టరీల మధ్య ఉండే గగన్‌పహాడ్ యువతకు ఇది దగ్గరి దారి. ప్రవేశాలు ఐటీఐ నోటిఫికేషన్ ద్వారా జరుగుతాయి. దరఖాస్తులో ట్రేడ్ పేరు జాగ్రత్తగా చూసి ఎంచుకోండి.

లాభాపేక్ష లేని సంఘాలు చేసేదేమిటి?

ప్రభుత్వం ల్యాబ్ ఇవ్వగలదు. ప్రతి శనివారం వచ్చి పిల్లలతో కూర్చునే మనుషులు మాత్రం ఎక్కువగా సంఘాల నుంచే వస్తున్నారు. ప్రపంచమంతా ఇదే పద్ధతి.

అమెరికాలో డీన్ కామెన్ అనే ఇంజినీరు 1989లో 'ఫస్ట్' అనే సంస్థను స్థాపించారు. దాని లెగో లీగ్ పోటీల్లో చాలా దేశాల పిల్లలు జట్లుగా పాల్గొంటున్నారు. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ 2004లో సింగపూర్‌లో మొదలైంది. 2016లో దాని అంతర్జాతీయ ఫైనల్స్‌కు మన దేశమే వేదికైంది. ఇండియా స్టెమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఇక్కడ ఆ పోటీలను చూసుకుంటుంది. ఇద్దరు లేదా ముగ్గురు పిల్లలు, ఒక కోచ్ ఉంటే జట్టు అవుతుంది.

తెలుగు నేల మీద పెద్ద ఉదాహరణ అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్. 1999లో మొదలైన ఈ సంస్థకు చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర విశాలమైన సైన్స్ క్యాంపస్ ఉంది. ప్రయోగ పరికరాలతో వ్యాన్లను ప్రభుత్వ బడుల దగ్గరకే పంపే పద్ధతితో పేరు తెచ్చుకుంది.

ఇక కేరళలో ఈ పని ప్రభుత్వ సంస్థే చేస్తోంది. 'కైట్' అనే లాభాపేక్ష లేని ప్రభుత్వ కంపెనీ 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి ఐటీ క్లబ్బులు ప్రారంభించింది. ఇవి 2 వేలకు పైగా బడులకు విస్తరించాయి. 2025 విద్యా సంవత్సరం నుంచి పదో తరగతిలో అందరికీ రోబోటిక్స్ పాఠం పెట్టారు. మన బడుల్లో కూడా ఇలాంటివి కావాలని అడిగేటప్పుడు ఈ ఉదాహరణ చెప్పండి.

మీ బడికి వచ్చిన 'సంఘం' ఎలాంటిదో ఎలా తెలుస్తుంది?

లాభాపేక్ష లేని సంస్థ అంటే అంతా ఉచితం అని అర్థం కాదు. అలాంటి సంస్థ ఫీజు తీసుకోవచ్చు. మిగిలిన డబ్బును సభ్యులు పంచుకోకూడదు, సంస్థ లక్ష్యానికే వాడాలి. అందుకే సంతకం పెట్టే ముందు ఇవి చూడండి.

- రిజిస్ట్రేషన్: సొసైటీయా, ట్రస్టా, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద నమోదైన కంపెనీయా? నంబరు అడగండి. నిజమైన సంస్థ వెంటనే ఇస్తుంది.
- దర్పణ్ నంబరు: నీతి ఆయోగ్ ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ వివరాలు వెతకవచ్చు. అక్కడ పేరుంటే నమోదైందని మాత్రమే అర్థం, బాగా బోధిస్తుందని కాదు.
- రసీదు: విరాళం అంటే విరాళం రసీదు, ఫీజు అంటే ఫీజు రసీదు. 'పన్ను మినహాయింపు వస్తుంది' అని చెబితే 80జీ పత్రం చూపించమనండి. పాత పన్ను విధానం ఎంచుకున్న వారికే ఆ ప్రయోజనం ఉంటుందని గుర్తుంచుకోండి.
- కిట్: తప్పనిసరిగా వాళ్ల దగ్గరే కొనాలా? విడి భాగాలు బయట దొరుకుతాయా? దొరకని కిట్ అయితే, కోర్సు అయిపోయాక అది అటకెక్కుతుంది.
- పోటీ: 'అంతర్జాతీయ' అన్న మాట చూసి ఆగిపోకండి. ఎన్ని దేశాలు, ఎవరు నిర్వహిస్తున్నారు, ప్రవేశ రుసుము ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది?
- భద్రత: పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉంటారా? ఫొటోలు పెట్టే ముందు మీ అనుమతి తీసుకుంటారా?

మీ కాలనీలోనే క్లబ్ పెట్టాలంటే?

దీనికి ముందుగా సంస్థ రిజిస్టర్ చేయాల్సిన పని లేదు. 2012లో బ్రిటన్‌లో మొదలైన కోడ్ క్లబ్‌లను బడుల్లో, గ్రంథాలయాల్లో, కమ్యూనిటీ హాళ్లలో వలంటీర్లే నడుపుతారు. పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక గది, నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, ఇద్దరు పెద్దలు, వారానికి గంటన్నర ఉంటే మొదలుపెట్టవచ్చు. మూడు నెలలు ఆగకుండా నడిచాక రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించండి.

అప్పుడు సొసైటీ దారి సులువు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సంస్థ లక్ష్యాలు, నియమావళి రాసి జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు రాయాలి.

కంపెనీల నుంచి సీఎస్ఆర్ నిధులు అడగాలంటే మరో మెట్టు ఉంది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. విద్య ఆ జాబితాలో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఈ నిధులు తీసుకునే సంస్థలు సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. విమానాశ్రయం చుట్టూ పెద్ద కంపెనీలు ఉన్న ఈ ప్రాంతంలో అడిగి చూడటంలో తప్పు లేదు.

క్లబ్ పెడితే ఒక్క నియమం ముందే రాసుకోండి. అపార్ట్‌మెంట్ పిల్లలు ఎంతమందో, పక్క బస్తీ పిల్లలు కూడా అంతమంది ఉండాలి. లేదంటే అది ఫీజు లేని ట్యూషన్‌గా మిగిలిపోతుంది. వలస కార్మికుల పిల్లలకు తెలుగు రాకపోవచ్చు. వైర్లు కలపడానికి, లైటు వెలిగించడానికి భాష పెద్దగా అడ్డు రాదు.

ఈ వారం మీరు చేయగలిగినవి

- మీ బడి పేరు ఏటీఎల్ జాబితాలో ఉందో లేదో ఫోన్‌లో చూడండి.
- ఉంటే ల్యాబ్ చూడటానికి వెళ్లండి. లేకపోతే ఇన్‌స్పైర్ మానక్ గురించి సైన్స్ టీచర్‌ను అడగండి.
- పిల్లలతో కలిసి టింకర్‌క్యాడ్‌లో ఒక ఎల్‌ఈడీ వెలిగించండి. కంప్యూటర్ లేకపోతే ట్యాబ్‌లో స్క్రాచ్ జూనియర్ ప్రయత్నించండి.
- పదో తరగతి పిల్లలుంటే దగ్గరి ఏటీసీలో ఏ కోర్సులున్నాయో కనుక్కోండి.
- ఇవన్నీ చూశాక కూడా ప్రైవేటు తరగతే కావాలనిపిస్తే చేర్పించండి. అప్పుడు దేనికి డబ్బు కడుతున్నారో మీకు తెలిసే ఉంటుంది.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి, వాచ్‌మన్‌కు, ఫ్యాక్టరీలో తోటి కార్మికుడికి బడి ఈడు పిల్లలుంటే ఈ వివరాలు వాళ్లకూ చెప్పండి. ఇన్‌స్పైర్ మానక్‌కు బడి నుంచి వెళ్లే అయిదు ఐడియాల్లో ఒకటి ఆ పిల్లలది కావచ్చు. అడగాలని తెలియక ఆ అవకాశం పోకూడదు.